కోపం వచ్చే అమ్మాయిల పుస్తకాలు

మార్చి చివర్లో ఒక రాత్రి మా వదిన చిత్తూరు నుంచి ఫోను చేసింది. ఎండల గురించి, నీళ్ళ ట్యాంకరు గురించి, మా అన్నయ్య రక్తపోటు గురించి మాట్లాడాక గొంతు తగ్గించి అసలు సంగతికి వచ్చింది. "నీ మేనకోడలికి ఈ మధ్య కోపం ఎక్కువైంది. ఏ మాట అన్నా చిటపటలాడుతుంది. నిన్న రాత్రి అన్నం ముందు నుంచి లేచి వెళ్ళిపోయింది. నువ్వు పుస్తకాలు చదివేదానివి కదా, కాస్త బుద్ధి వచ్చేవి ఏవైనా ఉంటే ఇవ్వు. క్లాసిక్స్ అంటారే, అలాంటివి. సెలవుల్లో నీ దగ్గరికే పంపిస్తాను."

పంపించమన్నాను. ఏప్రిల్ నెలాఖరుకు ఆ పిల్ల ఒక సంచీతో తిరుపతిలో బస్సు దిగింది. పన్నెండు నుంచి పదిహేనేళ్ళ ఆడపిల్లల చేతికి ఏ నవలలు ఇవ్వాలి అన్న విషయంలో ఆ వేసవి నాకు ఒక గట్టి అభిప్రాయాన్ని మిగిల్చింది. ముందే చెప్పేస్తాను: వదిన అడిగిన పుస్తకాలు నేను ఇవ్వలేదు. కోపం తగ్గించే పుస్తకాల బదులు, కోపం తెచ్చుకునే అమ్మాయిలున్న పుస్తకాలు ఇచ్చాను. చేసింది సరైన పనే అని ఇప్పటికీ అనుకుంటున్నాను.

ఆ పిల్ల కోపానికి కారణం తెలుసుకోవడానికి నాకు మూడు రోజులు పట్టింది. సైకిలు. నిరుడు తనకు ఓణీల వేడుక చేశారు. బంధువులందరం వెళ్ళాం, భోజనాలు పెట్టారు, ఫోటోలు తీశారు. ఆ మరుసటి వారం నుంచి సైకిలు మీద ట్యూషన్‌కు వెళ్ళడం ఆగిపోయింది. నాన్న స్కూటరు మీద దింపుతాడు, నాన్న వచ్చేదాకా అక్కడే కూర్చోవాలి. సైకిలు తమ్ముడిదైంది. సీటు కిందికి దించి, ముందున్న నీలం బుట్ట ఊడదీసి వాడికి ఇచ్చారు. ఆ బుట్టను పారెయ్యనివ్వకుండా తను తెచ్చుకుని అందులో పెన్నులు, జడ రబ్బర్లు పెట్టుకుంటోంది. "ఎందుకని అడిగితే ఎవరూ చెప్పలేదత్తా. పెద్దదానివయ్యావు కదా అన్నారు. పెద్దయితే ఇంకాస్త దూరం పోనివ్వాలి కదా?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఆ వేడుకలో తన తల మీద అక్షింతలు వేసిన చేతుల్లో నావీ ఉన్నాయి.

మన ఇళ్ళలో ఆడపిల్లకు పదమూడేళ్ళు వచ్చేసరికి మనసు నాలుగు దిక్కులా పరుగెడుతుంటుంది. సరిగ్గా అప్పుడే కాళ్ళకు హద్దులు గీస్తాం. ఆ రెండింటి మధ్య పుట్టే కోపంలో న్యాయం ఉంది. ఆ సమయంలో ఓర్పు గురించి, అణకువ గురించి పుస్తకం తెచ్చి చేతిలో పెట్టడం అంటే బయట వేసిన తాళం చాలక లోపల కూడా గడియ పెట్టడమే. అయినా ఇన్నాళ్ళూ మనం చేస్తున్నది అదే. బడి వార్షికోత్సవాల్లో ఆడపిల్లలకు బహుమతిగా వచ్చే పుస్తకాలు చూడండి: నీతి కథలు, మహనీయుల జీవిత చరిత్రలు, వ్యక్తిత్వ వికాసం. నవల ఉండదు. నవల చదివితే చెడిపోతారన్న భయం మా అవ్వ కాలంలో ఉండేది, ఇప్పుడు దాని బదులు నవల చదివితే మార్కులు తగ్గుతాయన్న భయం వచ్చింది.

మా అన్నయ్యవాళ్ళు ఉండేది కట్టమంచి దగ్గర. కట్టమంచి రామలింగారెడ్డి గారి పేరు ఆ ఊరి పిల్లలందరికీ తెలుసు. ఆయన విద్యార్థిగా ఉన్నప్పుడే రాసిన 'ముసలమ్మ మరణం' కావ్యం నేను ఇంటర్మీడియెట్‌లో ఉండగా చదివి ఏడ్చాను. చెరువు కట్ట తెగి ఊరు మునిగిపోబోతుంటే ఆ ఊళ్ళో ఒక ఇంటి చిన్న కోడలు ముసలమ్మ తనను తాను బలి ఇచ్చుకుంటుంది. గొప్ప కావ్యం, అందులో సందేహం లేదు. కానీ మనం ఆడపిల్లలకు చెప్పిన కథలను వరుసగా తలుచుకుంటే నాకు ఒక దిగులు పట్టుకుంటుంది. ఎన్ని కథల్లో మంచి అమ్మాయి చివరికి ఏ నీటిలోకో నిప్పులోకో నడిచి వెళ్ళిపోతుందో! ఊరు నిలబడుతుంది, ఆమె ఉండదు. పదమూడేళ్ళ పిల్ల ఇలాంటి కథ పది సార్లు వింటే తన విలువ తను లేకపోవడంలోనే ఉందని అనుకోదా?

అలాగని మన నేల మీద కోపగించుకున్న ఆడపిల్ల కథ లేకపోలేదు. తిరుపతిలో ఉన్నవాళ్ళకు ఆ మాట చెప్పనక్కర్లేదు. ఏటా మే నెలలో మేము కోపం వచ్చిన ఒక అమ్మాయికి జాతర చేస్తాం. తాతయ్యగుంట గంగమ్మ కథ మా అవ్వ చెప్పగా విన్నాను. ఆడపిల్లలను చెరబట్టే పాలెగాడు ఒకడు గంగమ్మ మీద కూడా కన్నేస్తాడు. ఆమె అసలు రూపం చూపించేసరికి పారిపోయి దాక్కుంటాడు. ఆమె వదలదు. రోజుకొక వేషం వేసుకుని వీధి వీధీ వెతుకుతుంది: బైరాగి, బండ, తోటి, చివరికి దొర. దొర వచ్చాడనుకుని వాడు బయటికి వస్తాడు. అక్కడితో వాడి పని అయిపోతుంది. జాతరలో మగవాళ్ళు చీరలు కట్టుకుని, జడలు వేసుకుని, పూలు పెట్టుకుని గుడికి వస్తారు. కొన్ని వేషాల రోజుల్లో నోరారా తిట్టడం కూడా మొక్కే. ఊరు మొత్తం ఆ కోపం ముందు తల వంచుతుంది. ఈసారి మా మేనకోడలిని జాతరకు తీసుకెళ్ళాను. జనంలో నా చెయ్యి గట్టిగా పట్టుకుని నడిచింది. ఇంటికి వచ్చాక అడిగింది: "గంగమ్మకు కోపం వస్తే పొంగళ్ళు పెడతారు. నాకు వస్తే అమ్మ నీకు ఫోను చేస్తుంది. ఎందుకత్తా?"

ఆ రాత్రే బీరువాలోంచి 'జేన్ ఐర్' తీశాను.

నిజానికి ముందు ఇచ్చింది అది కాదు. మొదటి వారం 'ఆన్ ఆఫ్ గ్రీన్ గేబుల్స్' ఇచ్చాను. ఎల్. ఎం. మాంట్‌గామరీ రాసిన ఈ కెనడా నవల 1908లో వచ్చింది. పదకొండేళ్ళ అనాథ పిల్ల. పొలం పనికి సాయంగా ఉంటాడని మగపిల్లవాణ్ణి పంపమని అడిగిన అన్నాచెల్లెళ్ళ ఇంటికి పొరపాటున ఈ ఆడపిల్ల వస్తుంది. 'నేను మగపిల్లవాణ్ణి కాదు కాబట్టి మీకు అక్కర్లేదు' అని ఏడుస్తుంది. ఈ ఒక్క సన్నివేశం చాలు, మన ఊళ్ళలో ఏ ఆడపిల్లకూ ఇది పరాయి పుస్తకం కాదని చెప్పడానికి. తర్వాత తరగతిలో ఒక అబ్బాయి ఆమె ఎర్ర జుట్టు పట్టుకుని 'క్యారట్' అని ఏడిపిస్తే పలక తీసి వాడి నెత్తి మీద కొడుతుంది. పలక విరుగుతుంది. ఆ అబ్బాయి తప్పు తనదేనని చెప్పినా మేష్టారు ఆన్‌నే బోర్డు ముందు నిలబెడతాడు. ఇది చదువుతూ మా మేనకోడలు పుస్తకం మూసి, "చూశావా, ఏడిపించింది వాడు, నిలబడింది ఈ పిల్ల" అంది. నూరేళ్ళు దాటిన పుస్తకం. సముద్రాల అవతలి ఊరు. ఒక్క క్షణంలో తన తరగతి గది అయిపోయింది.

ఆ నవల చివర నాకు, తనకు పెద్ద వాదన జరిగింది. ఆన్‌ను ప్రాణంగా చూసుకున్న ఆ ఇంటి అన్న మాథ్యూ చనిపోతాడు. చనిపోయే ముందు రోజు, డజను మగపిల్లలకన్నా నువ్వే నాకు కావాలి అంటాడు. ఆ తర్వాత, చూపు తగ్గిపోతున్న అతని చెల్లెలు మరిల్లాను ఒంటరిగా వదలలేక ఆన్ కష్టపడి సంపాదించుకున్న స్కాలర్‌షిప్పు వదులుకుంటుంది. "ఇది కూడా ముసలమ్మ కథే కదా!" అని పిల్ల రగిలిపోయింది. తరువాతి భాగాల్లో ఆన్ కాలేజీకి వెళ్తుందని చెప్పినా శాంతించలేదు. నాకు ఆ ముగింపు ఇష్టమే. ఎవరూ బలవంతం చెయ్యకుండా తనే తీసుకున్న నిర్ణయం అది. కానీ ఆ వాదనలో నేను గెలవాలని చూడలేదు. ఒక పదమూడేళ్ళ పిల్ల త్యాగాన్ని చూసి చేతులు జోడించే బదులు 'ఎందుకు' అని అడిగితే, ఆ నవల తన పని తాను చేసినట్టే.

ఇక 'జేన్ ఐర్'. 1847లో షార్లెట్ బ్రాంటీ దీన్ని కరర్ బెల్ అన్న మారుపేరుతో అచ్చు వేయించింది. మొదటి అధ్యాయం మేము మిద్దె మీద చాప వేసుకుని చదివాం. పదేళ్ళ జేన్ మేనమామ భార్య ఇంట్లో దిక్కులేని పిల్లగా ఉంటుంది. చలికాలం మధ్యాహ్నం కిటికీ అరుగు మీద ఎర్ర తెర చాటున కూర్చుని పక్షుల బొమ్మల పుస్తకం చూసుకుంటుంటుంది. ఆ ఇంటి కొడుకు, పద్నాలుగేళ్ళవాడు, వెతికి పట్టుకుని, మా పుస్తకాలు ముట్టుకునే హక్కు నీకు లేదు అని అదే పుస్తకం ఆమె మీదికి విసురుతాడు. తల తలుపుకు తగిలి నెత్తురు కారుతుంది. అప్పుడు ఆ పిల్ల వాణ్ణి హంతకుడివి, బానిసలను తోలేవాడివి, రోమన్ చక్రవర్తుల లాంటివాడివి అని అరుస్తుంది. వెంటనే పట్టుకెళ్ళి మేనమామ చనిపోయిన ఎర్ర గదిలో పెట్టి తాళం వేస్తారు. కొట్టినవాడికి ఏమీ కాదు.

నా పద్ధతి ఏమిటంటే, ఒక పేరా ఇంగ్లీషులో చదివి, తెలుగులో చెప్పుకుంటూ పోవడం. మా అవ్వ భారతం చదివి అర్థం చెప్పినట్టే. ఎర్ర గది దగ్గరికి వచ్చేసరికి పిల్ల నన్ను చెప్పనివ్వలేదు. పుస్తకం లాక్కుని, తెలియని మాటలు తెలియకుండానే దాటుకుంటూ, వేలు పెట్టి తనే చదువుకుంది. కింద వీధిలో పాలవాడి గంట, పక్కింటి టీవీలో సుప్రభాతం వినిపించేదాకా ఆ రాత్రి నిద్రపోలేదని మర్నాడు తెలిసింది.

ఆ నవల వచ్చిన మరుసటి ఏడాది, 1848లో, లండన్‌లోని ఒక పేరున్న పత్రికలో ఒక విమర్శకురాలు జేన్‌ది అదుపులేని మనసు అని తీవ్రంగా తప్పుపట్టింది. మా వదిన ఫోనులో చెప్పింది కూడా దాదాపు అదే మాట. అందుకే ఆ పుస్తకం మీద నాకంత నమ్మకం. అనాథాశ్రమ పాఠశాలలో జేన్‌కు హెలెన్ అనే స్నేహితురాలు దొరుకుతుంది. హెలెన్ ఓర్పు గురించి, క్షమ గురించి చెబుతుంది. రచయిత్రి ఆమెను ఎంతో ప్రేమగా రాసింది. కానీ జేన్ ఆమె మాటలు వింటుందే గాని ఒప్పుకోదు. కారణం లేకుండా కొట్టేవాళ్ళను మనం తిరిగి ఎదిరించకపోతే వాళ్ళు ఎప్పటికీ మారరు అంటుంది. హెలెన్ క్షయతో పోతుంది. జేన్ బతుకుతుంది. ఓర్పుకూ కోపానికీ మధ్య జరిగే ఈ సంభాషణ పిల్లలకు నేరుగా చెప్పే ఏ నీతి పాఠంకన్నా మేలు. ఇద్దరి వాదనా వినిపిస్తుంది. తేల్చుకునే పని చదివేవాళ్ళకు వదిలేస్తుంది.

పెద్దలకు సందేహం కలిగేది ఆ తర్వాతి భాగంలో. ప్రేమ ఉంది కదా, పైగా తనకన్నా ఇరవై ఏళ్ళు పెద్దవాడితో, అంటారు. ఉంది. కానీ పెళ్ళిపీటల దగ్గర అతనికి ముందే భార్య ఉందని తెలిసినప్పుడు, ఎంత బతిమాలినా, తన మనసు కూడా ఉండిపొమ్మని కొట్టుకుంటున్నా, ఆ అమ్మాయి చీకటితోనే ఇల్లు వదిలి వెళ్ళిపోతుంది. ప్రేమించి కూడా వదిలి రాగల అమ్మాయిని పదమూడేళ్ళకే పరిచయం చేస్తే మంచిది. ఫోనులో ఈ పిల్లలు చూసే కథల్లో అలాంటి అమ్మాయి ఎక్కడుంది?

ఒక్క చోట మాత్రం ఈ పుస్తకాన్ని పిల్లల చేతికి ఇచ్చి ఊరుకోకూడదు, పక్కన కూర్చోవాలి. అటక మీది గదిలో బంధించి పెట్టిన ఆ మొదటి భార్య బెర్తా. జమైకా నుంచి వచ్చిన మనిషి. ఆ నవల మొత్తంలో అందరికన్నా ఎక్కువ కోపం ఆమెదే, కానీ ఆమె నోట ఒక్క మాట కూడా మనకు వినిపించదు. పిచ్చిది అని భర్త చెప్పిందే మనం వింటాం. "ఈమె చెప్పేది ఎవరూ అడగరా?" అని నేను అన్నాను. పిల్ల చాలాసేపు ఆలోచించి, "జేన్‌ను కూడా మొదట గదిలోనే పెట్టారు కదా" అంది. ఆ పోలిక మీద పెద్ద పెద్ద విమర్శకులు పుస్తకాలు రాశారని తనకు నేను చెప్పలేదు. తనంతట తాను కనుక్కున్నది తనదిగానే ఉండనిచ్చాను.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. సంక్షిప్త ప్రతులు కొనకండి. మా మేనకోడలి సంచీలో బడివాళ్ళు ఇచ్చిన 'లిటిల్ ఉమెన్' సంక్షిప్త ప్రతి ఉంది. తొంభై పుటలు, పుట పుటకూ బొమ్మ, పాఠం చివర ప్రశ్నలు. నా దగ్గరున్న పూర్తి ప్రతితో పోల్చి చూశాను. క్రిస్మస్ విందు ఉంది, పిల్లలు తమ ఫలహారాన్ని బీదవాళ్ళకు ఇవ్వడం ఉంది, పెళ్ళి ఉంది. నాకు ఆ నవలలో అన్నిటికన్నా విలువైన పుట లేదు. కథ పొట్టి చేయడానికి కత్తెర పట్టుకున్నవాళ్ళు ముందుగా కత్తిరించేది అమ్మాయిల కోపాన్నే అని నాకు అప్పుడు అర్థమైంది.

ఆ పుట ఇది. నలుగురు అక్కచెల్లెళ్ళు. రెండో అమ్మాయి జో రచయిత్రి కావాలనుకుంటుంది. నాటకానికి తనను తీసుకెళ్ళలేదన్న ఉక్రోషంతో చివరి చెల్లెలు ఎమీ, జో కొన్నేళ్ళుగా రాసుకున్న కథల పుస్తకాన్ని పొయ్యిలో వేసి కాల్చేస్తుంది. జో క్షమించదు. మరునాడు గడ్డకట్టిన నది మీద చెల్లెలు వెనక వస్తోందని తెలిసి కూడా, మంచు పలచగా ఉన్న చోటు గురించి హెచ్చరించదు. చెల్లెలు నీళ్ళలో పడుతుంది, ఎలాగో బతుకుతుంది. ఆ రాత్రి జో తల్లి ఒడిలో తల పెట్టుకుని, నా కోపం నన్ను ఏం చేస్తుందో అని ఏడుస్తుంది. అప్పుడు, ఎన్నడూ గొంతు పెంచని ఆ తల్లి, నాకు దాదాపు ప్రతిరోజూ కోపం వస్తుంది అని చెబుతుంది. నలభై ఏళ్ళుగా దాన్ని పోగొట్టుకోవాలని చూస్తున్నాను, అదుపులో పెట్టుకోవడం మాత్రమే చేతనైంది అంటుంది.

కోపాన్ని నేర్పుతున్నావు అనేవాళ్ళకు నా జవాబు ఈ అధ్యాయమే. కోపానికి ఎంత ఖరీదు కట్టాల్సి వస్తుందో ఏ నీతి కథా ఇంత సూటిగా చూపించదు. మంచు విరిగిన శబ్దం జోకు ఎలా వినిపించిందో చదివిన పిల్ల దాన్ని మరిచిపోదు. తేడా ఎక్కడంటే, ఇక్కడ కోపం వచ్చిన అమ్మాయి చెడ్డది కాదు. ఆమె తల్లికీ వస్తుంది. అదొక్కటి తెలిస్తే సగం బరువు దిగిపోతుంది.

లూయిసా మే ఆల్కాట్ దీన్ని ప్రచురణకర్త అడిగితే పెద్దగా ఇష్టం లేకుండానే మొదలుపెట్టింది. మొదటి భాగం 1868లో వచ్చింది. జోకు పక్కింటి అబ్బాయి లారీతో పెళ్ళి చెయ్యమని పాఠకులు ఉత్తరాల మీద ఉత్తరాలు రాశారు. ఆడదాని జీవితానికి పెళ్ళి ఒక్కటే గమ్యమా అని ఆవిడ విసుక్కుని, మరుసటి ఏడాది వచ్చిన రెండో భాగంలో ఆ పెళ్ళి చెయ్యలేదు. రచయిత్రికీ కోపమే! ఆ నవలలో నీతులు దండిగా ఉన్నాయి, కొన్ని పుటలు నేను కూడా దాటవేస్తాను. అయినా ఇవ్వండి.

మరి మన పుస్తకాలు లేవా అని అడుగుతారు. అడగాలి కూడా. నేను చాలా వెతికాను. తెలుగులో గొప్ప నవలలు ఎన్నో ఉన్నాయి గాని, పదమూడేళ్ళ అమ్మాయి కథానాయికగా, తన కళ్ళతో లోకాన్ని చూసే పాత నవల కోసం చెయ్యి చాపితే అల్మారాలో పెద్ద ఖాళీ తగులుతుంది. కారణం ఆలోచిస్తే గుండె బరువెక్కుతుంది. ఆ రోజుల్లో పదమూడేళ్ళ అమ్మాయి అప్పటికే ఒక ఇంటి కోడలు. ఆడపిల్ల పెళ్ళికి కనీస వయసు పద్నాలుగు అని శారదా చట్టం వచ్చిందే 1929లో. పలక విరగ్గొట్టే వయసులో 'కన్యాశుల్కం'లోని బుచ్చమ్మ విధవ. సుబ్బికి ముసలివాడితో సంబంధం ఖాయం. బాల్యం ఉంటే కదా బాల్యం మీద నవల వచ్చేది! 'కన్యాశుల్కం' నాటకమే అయినా నేను పిల్లలతో చదివిస్తాను. గిరీశం మాటలకు నవ్వుతారు, ఆ నవ్వు మధ్యలో సుబ్బి వయసు ఎంతో లెక్కపెట్టుకుని ఆగిపోతారు.

తరిగొండ వెంగమాంబను కూడా ఇక్కడ తలుచుకుంటాను. పద్దెనిమిదో శతాబ్దంలో మన సీమలో పుట్టి, చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకుని, వైధవ్యపు ఆచారాలకు తలవంచనని ఎదురు తిరిగి, చివరికి తిరుమల చేరి అన్నన్ని కావ్యాలు రాసింది. గురువు దగ్గర ఓనమాలు కూడా నేర్చుకోలేదని తనే చెప్పుకుంది. ఆవిడను మనం భక్తురాలిగా మాత్రమే పిల్లలకు చెబుతాం. ఎదురు తిరగడం గురించి ఒక ముక్క కూడా చెప్పం.

తెలుగు నవలల్లో పదిహేనేళ్ళు నిండాక తప్పక ఇవ్వాల్సింది డాక్టర్ పి. శ్రీదేవి రాసిన 'కాలాతీత వ్యక్తులు'. 1957-58లో 'తెలుగు స్వతంత్ర'లో ధారావాహికగా వచ్చింది. వృత్తిరీత్యా వైద్యురాలైన శ్రీదేవి ముప్పై దాటిన కొత్తలోనే, 1961లో, చనిపోయారు. రాసిన నవల అదొక్కటే. అందులో ఇందిర ఉద్యోగం చేసి తండ్రిని పోషిస్తుంది, సరదాగా తిరగాలనుకుంటుంది, తనను ఇష్టపడుతూనే ధైర్యం చెయ్యలేని ప్రకాశానికి అతని పిరికితనం ముఖం మీదే చెబుతుంది. నేను కాలేజీలో మొదటిసారి చదివినప్పుడు నాకు ఇందిర నచ్చలేదు. నెమ్మదస్తురాలైన కల్యాణి నచ్చింది. మంచి అమ్మాయి ఎలా ఉండాలో నాకు అప్పటికే ఎవరో నేర్పేశారు కాబట్టి అలా జరిగింది. ఉద్యోగంలో చేరి నెల జీతం తెచ్చి ఇంట్లో ఇవ్వడం మొదలుపెట్టాక మళ్ళీ చదివాను. ఇందిర విసుగు, ఆశ, కరకుదనం అన్నీ నావేనని తెలిసింది. అందుకే ఆ పుస్తకం రెండుసార్లు చదవమని చెబుతాను, మధ్యలో పదేళ్ళు వదిలి.

బెంగాలీ నుంచి వచ్చి మనదైపోయిన 'పథేర్ పాంచాలి' ఇంకా ముందే ఇవ్వొచ్చు, పన్నెండేళ్ళకే. అందరూ అపూ కథ అంటారు, నేను దుర్గ కథ అంటాను. తోటల్లో కాయలు ఏరుకొచ్చి తిట్లు తినే పిల్ల. ఆకలిగా ఉండే పిల్ల. దొంగ అని పేరు మోసిన పిల్ల. జ్వరంలో తమ్ముణ్ణి, నాకొకసారి రైలు చూపిస్తావా అని అడుగుతుంది. చూడకుండానే పోతుంది. మా ఇంటికి స్టేషను దగ్గర, రాత్రంతా రైళ్ళ కూతలు వినిపిస్తూనే ఉంటాయి. ఆ అధ్యాయం చదివిన రోజు పిల్ల దీపం ఆర్పాక కూడా చాలాసేపు అటూ ఇటూ దొర్లింది.

మా జిల్లావాడైన కేశవరెడ్డి గారి 'అతడు అడవిని జయించాడు'లో అమ్మాయే లేదు. ఒక ముసలివాడు తప్పిపోయిన పంది కోసం రాత్రివేళ అడవిలో వెతకడం, అంతే కథ. నా వాదనకు అది సాక్ష్యం కాదు. కానీ మన చెట్టూ పుట్టా మన మాటల్లో ఎలా ఉంటాయో తెలియాలంటే అది చదవాలి. 'బారిస్టర్ పార్వతీశం' నవ్వుకోవడానికి. పక్కనే ఉన్న రాయవేలూరు జైల్లో కూర్చుని ఉన్నవ లక్ష్మీనారాయణ గారు రాసిన 'మాలపల్లి' పదహారు దాటాక. చలం పుస్తకాలు నేనుగా ఇవ్వను. కాస్త పెద్దయ్యాక తనే వెతుక్కుని చదువుకుంటే అడ్డం చెప్పను.

ఇంగ్లీషు రాకపోతే ఎలా అన్న ప్రశ్నకు మా అమ్మే జవాబు. అమ్మ చదివింది పదో తరగతి వరకే. ఇంగ్లీషు నవల ఒక్కటి కూడా తెరిచి ఎరగదు. కానీ జేన్ కథ నాకు మొదట చెప్పింది అమ్మే. మాలతీ చందూర్ గారు 'స్వాతి'లో 'పాత కెరటాలు' పేరుతో ప్రపంచ నవలలను పరిచయం చేసేవారు. అమ్మ ఆ పుటలను కత్తిరించి, మైదా ఉడికించి, పాత పంచాంగం అట్టలకు అతికించి, గోనె కుట్టే దారంతో కుట్టి పెట్టుకుంది. ఆ కుట్టు పుస్తకం ఇప్పుడు నా బీరువాలో ఉంది. అంచులు గోధుమరంగు తిరిగాయి, వేలు పెడితే పొడి రాలుతుంది. ఇంగ్లీషు మీడియంలో చదివే మా మేనకోడలికి తెలుగు అక్షరాలు కూడబలుక్కుంటే గాని రావు, ఇంగ్లీషు పరీక్షకు మాత్రమే వస్తుంది. అందుకే రెండు భాషల్లోనూ ఎవరో ఒకరు పక్కన కూర్చుని చదివి చెప్పాలి. డబ్బు సమస్య కాదు. నేను చెప్పిన మూడు ఇంగ్లీషు నవలలకూ కాపీహక్కుల కాలం ఎప్పుడో తీరిపోయింది, ఫోనులోనే ఉచితంగా దొరుకుతాయి. ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ పన్ను కూడా మనం కడుతున్నాం. శాఖా గ్రంథాలయానికి వెళ్ళి పోటీ పరీక్షల పుస్తకాల పక్కన నవలలు కూడా పెట్టమని అడగండి. నేను అడిగాను, రిజిస్టరులో రాసి వచ్చాను.

జూన్ మొదటి వారంలో పిల్లను దింపడానికి చిత్తూరు వెళ్ళాను. వదిన వంటింట్లో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. పిల్ల గడప మీద కూర్చుని 'లిటిల్ ఉమెన్' తెరిచి, నేను తనకు చెప్పినట్టే వాళ్ళ అమ్మకు తెలుగులో చెప్పడం మొదలుపెట్టింది. కథల పుస్తకం కాల్చడం, మంచు, నది. వదిన 'ఊఁ' కొడుతూనే ఉంది. తల్లి మాట దగ్గరికి వచ్చేసరికి పిల్ల ఒక్క క్షణం ఆగి, మెల్లగా చెప్పింది: "నాకు రోజూ కోపం వస్తుంది జో, అందంట." వదిన చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. కుక్కరు కూత వేసింది. ఎవరూ లేవలేదు.

సైకిలు ఇంకా తమ్ముడి దగ్గరే ఉంది. ట్యూషన్ నుంచి సందు చివరి దాకా నడిచి రావడానికి మాత్రం ఒప్పుకున్నారని పిల్ల చెప్పింది. మిగతాదాని కోసం ఇంకా పోట్లాడుతోంది.

నిన్న రాత్రి వదిన మళ్ళీ ఫోను చేసింది. వానలు, పాల ధర, అన్నయ్య రక్తపోటు అన్నీ అయ్యాక గొంతు తగ్గించింది. "ఆ పుస్తకంలో తల్లి ఉంది కదా, ఆవిడకు తర్వాతైనా కోపం పోయిందా?" అని అడిగింది.

"పోలేదు వదినా. ఉందని కూతురికి చెప్పింది, అంతే."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఈసారి వచ్చినప్పుడు ఆ పుట నాకు నువ్వే ఒకసారి చదివి చెప్పు. దానికి తెలుగు సరిగ్గా రాదు, తొందర తొందరగా చెప్పేస్తుంది" అంది.